పెదాలకు తడి

నిరుడు ఎండాకాలం. మిర్యాలగూడలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నేను స్టాఫ్ నర్సుగా చేరిన రెండో ఏడాది. పెద్దవూర వైపు గొర్రెలు కాసే మల్లయ్యకు పేగుకు చిల్లు పడితే ఆపరేషన్ చేసి కుట్లు వేశారు. కేస్ షీట్‌లో డాక్టరు గారు ‘ఎన్‌పీఓ’ అని రాశారు. అంటే నోటి ద్వారా చుక్క నీళ్లు కూడా ఇవ్వకూడదు. దాని కిందే ‘మాయిసెన్ లిప్స్’.

మాయిసెన్ అంటే కొద్దిగా తడి చేయడం. సోక్ అంటే నానబెట్టడం, వెట్ అంటే ఎంతైనా తడపొచ్చు. మాయిసెన్ చేసినచోట చెమ్మ తగలాలి, నీళ్లు కారకూడదు. గాజ్ గుడ్డను ముంచి, గట్టిగా పిండి, పెదాలకు అద్దాలి.

మధ్యాహ్నానికి మల్లయ్య పెదాలు పగిలాయి. “సిస్టరమ్మా, జర నీళ్లియ్యి” అని ఒకటే అడగడం. నేను గాజ్ పిండి అద్దబోతుంటే ఆయన భార్య లింగమ్మ నా చెయ్యి పట్టేసింది.

“ఏం జేస్తున్నవ్ బిడ్డా? పోయేటోనికి తులసి నీళ్లు వోసినట్టు! మా మామకు గిట్లనే పెదాలు తడిపిన్రు. గడియసేపట్ల పానం పోయింది.”

“అట్ల కాదు పెద్దమ్మా...”

“బతికున్న మనిషి నీళ్లు తాగుతడు. నువ్వు జరుగు.”

బాటిల్ మూత తీసేసింది. మల్లయ్య నోరు తెరిచాడు. నీళ్లు పోతే కడుపు ఉబ్బుతుంది, వాంతయితే కుట్లు ఊడొచ్చు. ఇంకో ఆపరేషన్‌కు ఆ ఒంట్లో ఓపిక లేదు. డాక్టరు గారు థియేటర్‌లో ఉన్నారు. గట్టిగా అరవడం నాకు రాదు. బాటిల్ మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాను. నీళ్లు నా మోచేతి దాకా కారాయి. ఆమె లాగుతోంది, నేను వదల్లేదు.

రెండో చేతిలో గాజ్ ఇంకా ఉంది. ఏం తోచిందో, దాన్ని మల్లయ్య గుప్పిట్లో పెట్టాను.

“పెద్దయ్యా, మీరే అద్దుకోండి. చప్పరించొద్దు. నీళ్లు లోపలికి పోతే కడుపులో కుట్లు ఊడతాయి.”

మల్లయ్య చెయ్యి పైకి లేపాడు. గుడ్డ ముందు చెంపకు తగిలింది, తర్వాత పెదాలు దొరికాయి. మెల్లగా అద్దుకున్నాడు. ఇంకోసారి. కళ్లు తెరిచి భార్యను చూశాడు.

“సచ్చేటోడు తన మూతి తనే తుడుసుకుంటడానే? ఆ సీస ఆడ వెట్టు. నా కడుపు పలగగొడతవా ఏంది!”

లింగమ్మ చేతిలో పట్టు సడలింది. స్టూలు మీద కూలబడి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“పెదాలెండినయ్ గని, నోరెండలే ఈ మనిషికి!”

ఇంజెక్షన్ ఇచ్చే ముందు ఎందుకో చెప్తాం. తడి గుడ్డకు కూడా చెప్పాలని నాకు అంతవరకు తోచలేదు. ఇప్పుడు మంచం పక్కనున్నవాళ్లకు ముందే చెప్తాను. పేషెంటుకు చెయ్యి లేపే ఓపిక ఉంటే, గుడ్డ ఆయనకే ఇస్తాను.