ఇల్లు కదలని తాళంచెవి

మా చిన్నమ్మ లాప్‌టాప్ సంగతి వీధిలో ఇప్పటికే రకరకాలుగా తిరుగుతోంది. నేనేదో హ్యాకింగ్ చేశానని కొందరు, చిన్నమ్మ ప్రార్థన చేస్తే తెరుచుకుందని కొందరు అంటున్నారు. రిపేరు బిల్లు తీసి చూస్తే "బోర్డు మార్చడమైనది" అని మాత్రమే ఉంది. అసలు జరిగింది ఈ మాటలకింద పడి కనిపించకుండా పోతుందేమోనని నేనే రాస్తున్నాను.

చిన్నమ్మ ఏటూరునాగారం వైపు అడవి ఊళ్లలో చాలాకాలం నర్సుగా తిరిగింది. కాన్పుకు వెళ్లిన ఇళ్లలో ముసలమ్మలు పాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకునేది. "పాడుతం గని, మా గొంతులు బజార్ల పెట్టొద్దు బిడ్డా" అని వాళ్లు ముందే మాట తీసుకున్నారు. అందుకని పాటలను లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోన్‌లోంచి తీసేసేది. ఆమెతో పనిచేసిన ఒక ఇంజినీరమ్మ ఆ పాటల ఫోల్డరుకు, పాస్‌వర్డు అడగకుండా ఆ లాప్‌టాప్‌లో దానంతటదే తెరుచుకునే గట్టి తాళం వేసిచ్చింది. తర్వాత ఆ అమ్మాయి ఎటు వెళ్లిందో, ఫోన్ నంబరు కూడా మారిపోయింది. పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ల గొంతులు ఇంకెక్కడా లేవు.

ఈ ఎండాకాలం ఆ లాప్‌టాప్ తెర నల్లబడింది. హన్మకొండ సుబేదారిలో నేను పనిచేసే జిరాక్స్ షాపు పక్కనే ఉన్న రిపేరు అన్న బోర్డు మార్చాడు. తెర వెలిగింది. పాటల ఫోల్డరు మాత్రం తెరుచుకోలేదు.

"డిస్కు మంచిగనే ఉంది చిన్నమ్మా. తాళమే వస్తలేదు," అన్నాడు అన్న.

"రాకుంటే పగలగొట్టు."

"ఇది బీరువా తాళమా పగలగొట్టనీకి? కొడితే లోపల అంతా తవుడే."

"మరి పైసలు తీసుకునేటప్పుడు ఈ ముచ్చట చెప్పకపోతివి!" అని, చిన్నమ్మ నా వైపు తిరిగింది. "ఏమయ్యా పండితుడా, ఎప్పుడు చూసినా లైబ్రరీలనే పంటవు కదా. దీని గురించి ఏ పుస్తకంల రాసి లేదా?"

లైబ్రరీలో పడుకుంటానన్నది పూర్తిగా అబద్ధం కాదు. నేను కాలేజీకి వెళ్లలేదు. నాకు తెలిసిన ఇంగ్లిష్, కంప్యూటర్లు, నక్షత్రాలు, అన్నీ హన్మకొండ లైబ్రరీ కిటికీ పక్క బల్ల మీద నేర్చుకున్నవే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కొంచెం గర్వమే. మధ్యాహ్నం అక్కడ ఫ్యాను గాలికి పేజీలు వాటంతటవే తిరుగుతాయి. చదివింది ఎక్కడ ఆగిందో, కల ఎక్కడ మొదలైందో తెలియదు.

లాప్‌టాప్‌లో తాళానికి సంబంధించిన చిన్న ఫైలు ఒకటి ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆ బల్ల దగ్గరికే వెళ్లాను. కంప్యూటరు నడిబొడ్డున కూర్చుని అన్ని పనులూ నడిపించే భాగాన్ని కెర్నల్ అంటారు. దాని గురించిన పుస్తకం ముందేసుకుని ఫైలు విప్పి చూశాను. మొదట్లోనే చుక్కలతో విడదీసిన అంకెల వరుస కనిపించింది. మన హన్మకొండ ఇంటి నంబర్ల లాంటిదే అది. మొదటి అంకె పెద్ద పేట, తర్వాతది గల్లీ, ఆ తర్వాత ఇల్లు. ప్రపంచంలో ఏ కెర్నల్ చూసినా ఈ ఫైలులో మూటకట్టి ఉన్నది ఏ రకం తాళంచెవో ఆ నంబరును బట్టే తెలుసుకుంటుంది.

చివరి అంకె దగ్గర నా వేలు ఆగింది. నాలుగు ఉంటే, తాళంచెవి బయట తయారై, తాళంచెవులు దాచే చిన్న చిప్‌లోకి వచ్చిందని అర్థం. అప్పుడు దాని అసలు ప్రతి బయట ఎక్కడో ఉండొచ్చు. ఐదు ఉంటే, ఒక చిప్ తనలో తానే మూసిన మూట. ఆ చిప్ తప్ప దాన్ని ఎవరూ విప్పలేరు.

ఐదు ఉంది.

కళ్లు మూసుకుంటే గింజంత నల్లటి ఇల్లొకటి కనిపించింది. కిటికీలు లేవు. లోపల ఎవరో మెల్లగా పాడుతున్నారు. నేను గోడ చుట్టూ తిరుగుతున్నాను, తలుపు దొరకడం లేదు. లైబ్రరీ మేడమ్ బల్ల మీద తట్టి లేపింది. లేస్తూనే సంగతి అర్థమైంది. ఆ ఇల్లు, అంటే ఆ చిప్, పాత బోర్డు మీద ఉంది!

మా దగ్గర మిక్సీ బాగుచేయించినా, మోటరు బాగుచేయించినా పాత సామాను అడిగి ఇంటికి తెచ్చుకుంటాం. షాపువాడి దగ్గర వదిలేస్తే మనసొప్పదు. చిన్నమ్మ కూడా తెచ్చుకునే ఉంటుందని పరుగెత్తాను.

"అదా? డాబా మీద ఉంది. కోతులు వస్తానయ్ కదా, మెరుపుకు బెదురుతయని కట్టిన," అంది.

డాబా మీద చల్ల మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాటి పైన దండేనికి, తాడుతో కట్టిన బోర్డు గాలికి మెల్లగా తిరుగుతోంది. దాని రాగి ముక్క మీద పడ్డ ఎండ మిరపకాయల మీద, గోడ మీద, నా చొక్కా మీద ఈదుతోంది. దాన్ని విప్పడానికి చాలాసేపు చెయ్యి రాలేదు. నిద్రపోతున్నవాళ్లను ఎత్తుకున్నట్టుగా కిందికి దించి, చిన్నమ్మతో కలిసి రిపేరు షాపుకు తెచ్చాను.

"కోతులకు కాపలా పెట్టినవా చిన్నమ్మా దీన్ని?" అని అన్న పగలబడి నవ్వాడు.

"నీ దగ్గర ఉంచితే ఈపాటికి కాంటకేసి అమ్ముదువు."

"అమ్ముదును," అని ఒప్పుకున్నాడు అన్న. పాత బోర్డులో చెడింది తెరకు వెళ్లే లైను ఒక్కటే. దుమ్ము తుడిచి, డిస్కు దానికే తగిలించి, బయటి మానిటరు పెట్టాడు. ముగ్గురం తెర మీదికి వంగాం. అక్షరాలు ఒక్కో వరుసా పైకి పాకుతూ పోయాయి. ఫోల్డరు తెరుచుకుంది.

ఒక ముసలి గొంతు ఎత్తుకుంది. వెనక అప్పుడే పుట్టిన పిల్ల ఏడుపు.

"షటర్ సగం దించు కొడుకా," అంది చిన్నమ్మ. "బజార్ల పెట్టనని మాటిచ్చిన."

దించాను. ఆ సగం చీకట్లో పాట పూర్తయ్యేదాకా నిలబడ్డాం. తర్వాత పాటలను కొత్త బోర్డు చిప్‌తో మళ్లీ మూశాం. చిప్ పోయినా తెరుచుకునేలా ఒక రహస్య వాక్యం కూడా పెట్టమన్నాను. చిన్నమ్మ టైపు చేస్తున్నంతసేపు అన్నా నేనూ గోడ వైపు తిరిగి నిలబడ్డాం.

ఎవరి పేర్లూ రాయొద్దని చిన్నమ్మ చెప్పింది కాబట్టి పిలుపులతోనే చెబుతున్నాను. బోర్డుకు ప్రాణం పోసిన అన్నకు, లేపిన లైబ్రరీ మేడమ్‌కు, అంత నిజాయితీగా తాళం వేసిన ఇంజినీరమ్మకు నా దండాలు. పాడిన ముసలమ్మల పేర్లు మాత్రం చిన్నమ్మ నాకొక్కడికే చెప్పింది. ఇక్కడ రాయలేదు కానీ, మనసులో ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి దండం పెట్టుకున్నాను.