సోఫా వైపు తిప్పిన టీవీ

తొంభైల చివర్లో మాదాపూర్‌లోని మా ఆఫీసుకి కెమెరాలొచ్చాయి. రిసెప్షన్‌లో ఒకటి, కాఫీ మిషన్ దగ్గర ఒకటి. వాటికి కనిపించేదంతా సెక్యూరిటీ గార్డు బల్ల మీదున్న చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీలో వచ్చేది. గార్డు చూసుకోవలసిన ఆ టీవీని మా మేనేజరు సోఫా వైపు తిప్పి పెట్టించాడు. విదేశాల నుంచి వచ్చే క్లయింట్లు చూసి మెచ్చుకోవాలట. క్లయింట్ల సంగతేమో గాని, కొరియర్ వాళ్లు మాత్రం మేం కాఫీ తాగడాన్ని సినిమా చూసినట్టు చూసేవారు.

మొదటి వారం తల దువ్వుకుని మరీ కాఫీకి వెళ్లాం. తర్వాత మర్చిపోయాం.

అప్పుడే నాకో సంబంధం వచ్చింది. అబ్బాయి బ్యాంకు ఉద్యోగి. కూకట్‌పల్లిలో మా పిన్ని ఇంట్లో పెళ్లిచూపులు. మేం ప్రోగ్రాముల్లో సరిదిద్దుతున్న వైటూకే అంటే ఏమిటని అడిగి, నేను చెప్పినంతసేపూ అడ్డు రాకుండా విన్నాడు. అలా వినే మగవాణ్ణి అంతకుముందు చూడలేదు. నాకు నచ్చాడు. సిగ్గు విడిచి ఆ మాట నాన్నతో చెప్పాను కూడా.

మా గోదావరి వైపు చూపులయ్యాక విచారణ అని ఒకటుంటుంది. అవతలివాళ్లు చెప్పాపెట్టకుండా ఎవరినో పంపి, ఇరుగుపొరుగునీ కిరాణా కొట్టాయన్నీ అడిగి పిల్ల ఎలాంటిదో తెలుసుకుంటారు. హాస్టల్లో ఉండే నాకు ఇరుగేది, పొరుగేది? అబ్బాయి మేనమామ నేరుగా ఆఫీసుకే వచ్చాడు.

ఆ సంగతి నాకు పది రోజుల తర్వాత తెలిసింది. నాన్న రాజమండ్రి నుంచి ఫోన్ చేసి, వాళ్లు వద్దనుకున్నారని చెప్పారు.

"ఎందుకట నాన్నా?"

"ఆఫీసులో అమ్మాయిని చూశామండీ, మాకు కుదరదండీ అన్నారు. ఇంకేం అడిగినా నోరు విప్పలేదు. ఏమ్మా, ఆ రోజు ఏం చేశావు?"

ఏ రోజు? ఎవరు చూశారు? నాకేమీ అర్థం కాలేదు. వెళ్లి గార్డుని అడిగాను. విజిటర్ల రిజిస్టరు తిరగేసి తేదీ చూపించాడు. దాని పక్కన అబ్బాయి మేనమామ పేరు ఉంది.

"ఒక పెద్దమనిషి వచ్చిండు మేడం. మీ పేరే చెప్పిండు. పిలుస్తనంటే వద్దన్నడు. గంటసేపు గీ సోఫాల కూసొని టీవీ చూసిండు. మీ చుట్టం గావచ్చనుకున్న."

"అప్పుడు నేనేం చేస్తున్నాను?"

"నాకేమెర్క మేడం? రోజూ చేసేదే చేసిన్రు."

ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. మేనమామ తన పని తాను చేసుకున్నాడు. గార్డుకి పాపం ఏ పాపమూ తెలియదు. టీవీలో బొమ్మే తప్ప మాట లేదు. ప్రోగ్రాములో తప్పు దొరికిందని నవ్వానో, మరెందుకు నవ్వానో ఆ మేనమామకెలా తెలుస్తుంది? అసలు నవ్వానా? ఆ తర్వాత వారమంతా కాఫీ మిషన్ దగ్గర ఎవరు పలకరించినా ముఖం బిగించుకుని తలూపి వచ్చేశాను. నాకేమైందని మా టీమ్‌లో అందరూ అడిగారు. ఏమైందో నాకు తెలిస్తే కదా చెప్పడానికి!

కెమెరాలు తీసిన టేపులు నెల రోజులు ఉంచుతారట. చూడాలంటే మేనేజరు సంతకం కావాలట. దారిన పోయే ఎవరైనా సోఫాలో కూర్చుని నన్ను చూడొచ్చు, నన్ను నేను చూసుకోవాలంటే మాత్రం అర్జీ పెట్టుకోవాలి! నా మొహం చూసి గార్డుకే జాలేసింది.

"సారు లంచ్‌కు పోయిండు. జర జల్ది చూడుండ్రి మేడం," అని టేపు వేశాడు.

ఆ గంటలో రెండుసార్లు కనిపించాను. ఒకసారి ఒంటరిగా, ఒకసారి మా టీమ్ కుర్రాళ్లిద్దరితో. కాఫీ తాగాను. నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వాను. ఒకడి వీపు మీద ఫైలుతో ఒక్కటిచ్చాను. అంతే. ఆ ఫైలు దెబ్బేనా? లేక కుర్రాళ్ల మధ్య నిలబడటమా? చున్నీ ఒక పక్కకే వేసుకోవడమా? రెండోసారి వెనక్కి తిప్పించి చూస్తుంటే భయమేసింది. నాలో తప్పు లేదని చూసుకోవడానికి వచ్చినదాన్ని, ఒక్క తప్పయినా దొరికితే బాగుండునని వెతుకుతున్నాను. అది దొరికితే కనీసం కారణమైనా తెలిసేది.

సాయంత్రం ఆఫీసు నుంచే నాన్నకి ఫోన్ చేశాను.

"టేపు చూశాను నాన్నా. నేను ఏ తప్పూ చెయ్యలేదు."



"సరిగ్గా చూశావా అమ్మా?" అన్నారు.

చూశానన్నాను. ఫోన్ పెట్టేసి, ఇంకొక్కసారి టేపు వెయ్యమని అడగడానికి గార్డు దగ్గరికి వెళ్లాను.