ఆఫీసు బీరువాలో మా పాప ఇన్‌హేలర్

మిర్యాలగూడలో మా వీధి చివర రైస్ మిల్లు, ఎప్పుడూ ఊక దుమ్మే. మా స్రవంతి మూడో తరగతిలో ఉండగా, ఒక ఉదయం జడ వేస్తుంటే భుజాలు ఎగరేస్తూ గాలి పీల్చింది. ఛాతీలో పిల్లికూతలు. "అమ్మా, ఊపిరి సరిపోతలేదే" అంది. బడి ఎగ్గొట్టే వేషాలనుకొని కసిరి పంపాను. సాయంత్రానికి పెదవులు నల్లబడ్డాయి.

ఇక్కడి దవాఖానలో నెబ్యులైజర్ పెట్టారు. నెల తిరక్కుండా ఆయాసం మళ్లీ వచ్చింది. సూర్యాపేటలో పిల్లల డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, గొట్టంలోకి ఊదించి చూసి, "ఆస్తమా అమ్మా. ఈ ఇన్‌హేలర్ ఎప్పుడూ పాప దగ్గర్నే ఉండాలె" అంది. బుద్ధిగా తలూపాను.

తలూపి ఏం చేశాను? పిల్ల ఎక్కడ పోగొడుతుందోనని నేనే తీసుకెళ్లి హెడ్ సారుకిచ్చాను. "జర జాగ్రత్తగ పెట్టుండ్రి సార్" అన్నాను.

"పిల్లల చేతుల మందులు ఉండొద్దు, అదే మా రూలమ్మా" అని ఆయన బీరువాలో పెట్టి తాళం వేశారు. నిశ్చింతగా ఇంటికొచ్చాను.

ఐదో తరగతిలో ఒకరోజు ఆటల పీరియడ్ తర్వాత బడి నుంచి ఫోన్. హెడ్ సారు కోదాడలో పెళ్లికి వెళ్లారట, తాళంచెవి ఆయన దగ్గరే ఉండిపోయిందట. నేను వెళ్లేసరికి స్రవంతి వరండాలో మోకాళ్ల మీద చేతులానించి, ముందుకు వంగి కూర్చుంది. మాట రావడం లేదు. కళ్లు మాత్రం నావైపే. లెక్కల టీచరు, ఆయమ్మ బండరాయితో తాళం కొడుతున్నారు. అంత భయం నా జన్మలో ఎరగను. చివరికి తాళం ఊడింది. పరీక్ష పేపర్ల కింద నుంచి ఇన్‌హేలర్ తీసి పీల్పించినా పూర్తిగా తగ్గలేదు. ఆటోలో దవాఖానకు పరుగు, రెండు రోజులు ఆక్సిజన్.

మాస్కు తీశాక స్రవంతి అన్న మొదటి మాట: "నా దగ్గరుంటే నేనే తీసుకుందును గదా అమ్మా." కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది.

ఇన్‌హేలర్ పాప దగ్గరే ఉండాలని డాక్టరమ్మ చేత ఉత్తరం రాయించుకొని హెడ్ సారు దగ్గరికి వెళ్లాను. ఈసారి ఆయన రూలు మాటెత్తలేదు. "తాళంచెవి నా జేబుల్నే ఉండెనమ్మా" అని ఉత్తరం మీద సంతకం పెట్టారు.

ఇప్పుడు స్రవంతి ఎనిమిదో తరగతి. ఇన్‌హేలర్ యూనిఫాం జేబులోనే ఉంటుంది. బడి నంబరు నుంచి ఫోన్ వస్తే మాత్రం ఇప్పటికీ ముందు "ఇన్‌హేలర్ జేబులో ఉందా?" అనే అడుగుతాను.

మీ పిల్లలకూ ఈ జబ్బుంటే, మందు పిల్ల వెంటే ఉండాలని, తనే వాడుకోవచ్చని డాక్టరు చేత రాయించి బడి తెరిచిన రోజే ఇవ్వండి. పోగొడుతుందని దాచకండి. ఇన్‌హేలర్ పోతే మెడికల్ షాపులో ఇంకోటి దొరుకుతుంది.