నాయిన పేరుతో నా సంతకం

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం తేలిక. బల్లిని చూస్తే భయం, పోలీసు జీపు ఎదురైతే భయం, ఇంటికి సర్కారు ముద్ర ఉన్న కవరు వస్తే భయం. మొదటి రెండూ పుట్టుకతో వచ్చినవి. మూడోది ఎట్లా పట్టుకుందో చెప్పాలంటే కొడకండ్లలో మా నాయిన పెట్టిన మోటర్ల దుకాణం దగ్గర మొదలుపెట్టాలి.

నాయిన కాలిపోయిన బోరు మోటర్లకు తీగ చుట్టేవాడు. చుట్టుపక్కల తండాల నుంచి, దంతాలపల్లి వైపు నుంచి కూడా రైతులు మోటర్లు ట్రాక్టర్లో వేసుకొని ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. కొన్నాళ్లకు ఆయనకు పైపులు, స్టార్టర్లు కూడా అమ్ముదామని ఆశ పుట్టింది. టిన్ నంబరు ఉంటేనే సరుకు ఇస్తామన్నారు పైపుల కంపెనీ వాళ్లు. ఇప్పటి జీఎస్టీ అప్పటికి లేదు, వ్యాట్ ఉండేది. దుకాణాన్ని పన్నుల ఆఫీసులో రిజిస్టరు చేయించుకుంటే వచ్చే నంబరే టిన్. అట్లా ఒకరోజు నాయినా నేనూ జనగామ పోయాం. నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను.

ఆఫీసు ఎదురుగా చిన్న గదిలో కూర్చొని దరఖాస్తులు నింపే సారు ఒకాయన ఉండేవాడు. అన్నీ అడిగి ఇంగ్లీషులో నింపాడు. సంతకాల దగ్గరికి వచ్చేసరికి నాయిన కుర్చీలో వెనక్కి జరిగాడు. ఆయనకు వేలిముద్ర తప్ప రాదు. వెంట్రుకంత తీగను లెక్క తప్పకుండా చుట్టే ఆ చేతులు పెన్ను చూస్తే ముడుచుకుపోయేవి. వేలిముద్ర అయితే సాక్షులు కావాలని, లోపల సవాలక్ష ప్రశ్నలు వేస్తారని, సంతకమైతే చిటికెలో అయిపోతుందని చెప్పి సారు చాయ్ తాగడానికి లేచిపోయాడు. నాయిన అటూ ఇటూ చూసి పెన్ను నా వైపు జరిపాడు.

"నువ్వే పెట్టు బిడ్డా. నా పేరే గదా," అన్నాడు.

పెట్టాను. నాలుగు చోట్ల పెట్టాను. కొంచెం గొప్పగా కనబడాలని చివర ఒక తోక కూడా లాగాను. ఆనాడు నాకు ఇసుమంత భయం వేయలేదు. భయపడాల్సిన చోట భయపడటం నాకెప్పుడూ చేతకాలేదు.

సర్టిఫికెట్ వచ్చింది. నాయిన దానికి అద్దం కట్టించి, దుకాణంలో దేవుడి పటాల పక్కన తగిలించాడు. ఇక నెలనెలా అమ్మకాల లెక్క నింపి రిటర్ను అనే కాగితం ఇవ్వాలి. దాని మీద తోక సంతకం నాదే. సారు ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాడు. నెల తప్పితే నోటీసు వస్తుందట, నోటీసుకు పలకకపోతే ఇంటి మీదికే వస్తారట. సర్కారు కవరంటే భయం నాకు అక్కడే పట్టుకుంది. మూడేళ్లలో ఒక్క నెల తప్పలేదు.

తీగ మీది పాత వార్నిష్ కాల్చినప్పుడు లేచే పొగ నాయిన ఊపిరితిత్తులను తినేసింది. దగ్గు పట్టుకుంది. సరుకు తేవడం మానేశాడు, చుట్టుడు పని కూడా తగ్గింది. అప్పటికి నేను ఊళ్లోనే ప్రైవేటు బడిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. రిటర్నులో అన్ని గడుల్లోనూ సున్నాలు వేసి పంపేదాన్ని. నాయిన ఊరికే కూర్చోలేక ఖాళీ స్టార్టర్ డబ్బాల అట్టల మీద నీలం పెన్సిలుతో తన పేరు రాసుకుంటూ కనిపించేవాడు. రాత రాని మనిషి బొమ్మ గీసినట్టు, అక్షరాలు వంకర టింకరగా ఉండేవి. డబ్బాలు ఎవరూ మార్చకుండా గుర్తు పెట్టుకుంటున్నాడనుకున్నాను. ఖాళీ డబ్బాలను ఎవడు ఎత్తుకుపోతాడని ఒకసారి ఎగతాళి కూడా చేశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున జనగామ దవాఖానకు పోయి వస్తానని ఒక్కడే బయలుదేరాడు. నేను తోడు వస్తానంటే వద్దన్నాడు. సాయంత్రం ఉత్త చేతులతో వచ్చాడు. మందు బిళ్ల ఒక్కటి లేదు. దవాఖానకు పోయి మందులు తేని మనిషిని నేను ఎక్కడా చూడలేదని గట్టిగా కోప్పడ్డాను. దానికీ నవ్వి ఊరుకున్నాడు.

తర్వాత కొద్ది రోజులకే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, బడులు మూసేశారు. మా సెంటర్లో డేరా వేశారు. రోజూ నిరాహార దీక్షలు, పాటలు, రోడ్డు మీదే వంటావార్పు. నాయిన మధ్యాహ్నం పూట ఒక కుర్చీ వేయించుకొని అక్కడ కూర్చునేవాడు. నినాదం ఇవ్వబోతే దగ్గు వచ్చేది. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మా మేనమామ కూడా అక్కడ పని ఆగిపోయిందని మా ఇంటికే వచ్చి ఉన్నాడు. సమ్మె రెండో వారంలో, పట్టపగలు, మామ చేతిలో నీళ్లు తాగుతూ నాయిన పోయాడు.

డేరాలో ఉన్నవాళ్లు ఆయన ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. కింద పోయిన తారీఖు చెయ్యంత అక్షరాల్లో ఉంది. ఊళ్లోకి వచ్చే ప్రతి బండీ దాని ముందు నుంచే పోవాలి.

పెద్దకర్మ అయిన మూడో రోజు నా కళ్లు క్యాలెండరు మీద పడ్డాయి. రిటర్ను తారీఖు దగ్గరికి వచ్చింది. ఇక్కడ బుద్ధి ఉన్న మనిషి ఎవరైనా ఏం చేస్తారు? మా నాయిన పోయిండు, దుకాణం పేరు తీసేయండి అని చెబుతారు. కానీ నాకు ఇంకో ఆలోచన వచ్చింది. చెబితే ఫైలు తీస్తారు, ఫైలు తీస్తే సంతకాలు చూస్తారు, వేలిముద్రల మనిషికి తోక సంతకం ఎక్కడిదని అడుగుతారు. అడిగితే కేసు. కేసంటే పోలీసులు. రేపు తెలంగాణ వచ్చి, కొలువులు వచ్చి, నాకొకటి దక్కే వేళకు నా పేరు ఠాణాలో ఉంటుంది. ఇట్లా గొలుసు మొత్తం నేనే అల్లుకొని, నేనే మెడకు చుట్టుకున్నాను. సున్నాలు వేశాను. కింద నాయిన పేరు రాసి తోక లాగాను. మూడేళ్లుగా పెడుతున్న సంతకమే, కానీ ఆ రోజు చెమటకు పెన్ను జారింది. బతికి ఉన్న మనిషి పెట్టుమంటే పెట్టడం వేరు, పోయిన మనిషి పేరు రాయడం వేరు అని నా వేళ్లకు తెలిసింది.

బస్సులు లేవు గనుక జీపులో జనగామ బయలుదేరాను. పాలకుర్తి దాటాక పోలీసులు ఆపి అందరినీ దింపారు. ధర్నాలకు పోయేవాళ్ల కోసం సంచులు వెతుకుతున్నారు. ఒక పెద్ద వయసు కానిస్టేబుల్ నా సంచిలోంచి ఆ కాగితం తీసి, కళ్లకు దూరంగా పట్టుకొని చదివాడు.

"గీయన ఎవరు?"

"మా నాయిన."

"ఏడున్నడు?"

"ఇంట్ల ఉన్నడు," అన్నాను.

కాగితం మడిచి ఇచ్చేశాడు. జీపెక్కాక నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. పక్కనున్న అవ్వ జ్వరమా బిడ్డా అని అడిగింది. అవునన్నాను. ఆ రోజు అది రెండో అబద్ధం. మూడోది సారు దగ్గర. ఆఫీసుకు తాళం ఉన్నా ఆయన కాగితాలు తీసుకొని పెట్టుకుంటున్నాడు, సమ్మె విడిచాక ఒక్కసారే ఇస్తాడట. నాయిన ఎట్లున్నాడని అడిగాడు. బాగనే ఉన్నాడన్నాను.

సమ్మె ముగిసింది. మరుసటి నెలా పెట్టాను. ఆ పై నెలా పెట్టాను. ఒకసారి మొదలుపెట్టాక ఆపడానికి ఇంకా ఎక్కువ ధైర్యం కావాలి, అది నా దగ్గర లేదు.  బడిలో పిల్లల నోట్సుల మీద సంతకం చేస్తుంటే కూడా చెయ్యి ఆగిపోయేది. అన్నిటికంటే నన్ను బెదిరించింది ఆ ఫ్లెక్సీ. పన్నుల వాళ్లు ఎవరైనా ఆ దారిన వస్తే తారీఖు చూస్తారు, చూస్తే లెక్క తేలిపోతుంది. ఒక పెద్ద వాన పడి దాని రంగు పోవాలని మొక్కుకున్నాను. కన్నతండ్రి ఫొటో చెరిగిపోవాలని మొక్కిన బిడ్డ ఇంకొకతి ఉంటుందనుకోను.

వితంతు పింఛనుకు అమ్మకు మరణ పత్రం కావాల్సి వచ్చింది. పంచాయతీలో తారీఖు అడిగితే మూడు నెలలు ఆలస్యంగా, ఈ మధ్యే పోయినట్టు చెప్పడానికి నా నోరు తెరుచుకుంది. ఈలోపల అమ్మే సరైన తారీఖు చెప్పేసింది. ఆ పత్రం తెచ్చి బియ్యం డబ్బా అడుగున దాచాను.

అప్పుడు వచ్చింది నోటీసు. నాయిన పేరు మీద. లోపల ఇంగ్లీషులో నాలుగు వరుసలు. సంతకం, సరిపోలేదు, స్వయంగా రావాలి. ఈ మూడు ముక్కలే నా కళ్లకు కనిపించాయి. మిగతాది చదవలేకపోయాను, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఇంగ్లీషు చెప్పే టీచరమ్మను నేను. కవరును జాకెట్లో దోపుకొని మహబూబాబాదులో మా చిన్నమ్మ ఇంటికి పారిపోయాను. ఆమె ఇల్లు రైల్వే స్టేషన్ పక్కనే. రైల్‌రోకోల భయంతో స్టేషన్లో అప్పటికీ పోలీసులు ఉన్నారు. కిటికీలోంచి ఖాకీ చొక్కా కనబడితే చాలు, లోపలి గదిలోకి పోయేదాన్ని. మూడు రోజులు అట్లా గడిచాక అమ్మ వచ్చింది. మంచం మీద నా పక్కన కూర్చొని ఏమైందో చెప్పమంది. అంతా చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. అమ్మ కోప్పడలేదు.

"పోయి ఉన్నదున్నట్టు చెప్దాం పా. నేనొస్త నీతోని," అంది.

జనగామ ఆఫీసుకు ఇద్దరమే పోయాం. అమ్మ దుకాణంలోని సర్టిఫికెట్ పటాన్ని మేకు నుంచి తీసి తువ్వాలలో చుట్టుకొని వచ్చింది. నేను బియ్యం డబ్బాలోని పత్రం తెచ్చాను. లోపల ఫైళ్లు చూసే ఆవిడ మా అమ్మ ఈడుదే. నోటీసు చూసి నాయిన ఎందుకు రాలేదని అడిగింది. ఈసారి ఇంట్లో ఉన్నాడని అనలేకపోయాను. పత్రం బల్ల మీద పెట్టాను.

"మా నాయిన లేడు మేడం. మూడు కాగితాల మీద ఆయన పోయినంక నేనే సంతకం పెట్టిన," అన్నాను. బల్ల అంచు పట్టుకున్నాను.

ఆమె పత్రంలోని తారీఖు చూసింది. నన్ను చూసింది. ఫైలు తెప్పించి విప్పింది. మొట్టమొదటి దరఖాస్తు మీద, తోక ఉన్న సంతకం మీద వేలు పెట్టి ఇది ఎవరిదని అడిగింది. అది కూడా నాదేనని ఒప్పుకున్నాను. ఆ తర్వాతి రిటర్నుల మీది సంతకాలన్నీ నావేనని చెప్పాను. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. చేతులకు బేడీలు ఎప్పుడు వేస్తారో అన్నట్టు నిలబడ్డాను. ఆమె ఫైలు చివరి కాగితం తీసి నా వైపు తిప్పింది.

"మేం నోటీసు పంపింది వాటికి గాదు బిడ్డా. గా సంతకాలన్నీ ఒక్క తీరే ఉన్నయి. దీని మీది సంతకమే కలుస్తలేదు. గిది ఎవరు పెట్టిండ్రు?"

అది రిజిస్ట్రేషన్ రద్దు చేయమని ఇచ్చిన దరఖాస్తు. సమ్మెకు ముందు తారీఖు, నాయిన దవాఖానకని పోయిన రోజు. దరఖాస్తు ఎవరో రాసిపెట్టారు, చేతిరాత కుదురుగా ఉంది. కారణం అనే చోట తెలుగులో ఒకే వరుస: నా తర్వాత బిడ్డ మీద పడొద్దని. రాత ఎవరిదో గానీ మాట మా నాయినదే. కింద సంతకం. వంకర టింకర అక్షరాలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. స్టార్టర్ డబ్బాల అట్టల మీద చూసి నేను ఎగతాళి చేసిన అక్షరాలు అవే.

 అమ్మ ముందుకు వంగి చూసింది. ఆమెకు చదవడం రాదు, అయినా గుర్తుపట్టింది.

"గిది ఆయనదే. గీ ఒక్కటే ఆయనది," అంది.

 ఆవిడ మామూలు గొంతుతోనే జరగాల్సిన పని చెప్పింది. ఆ దరఖాస్తు నిజమైతే ఆ తారీఖు నుంచే దుకాణం రద్దయినట్టు రాస్తారట. అప్పుడు తర్వాత వచ్చిన సున్నాల కాగితాలతో ఎవరికీ పని ఉండదట. ఇంకెన్నడూ ఇట్లాంటి పని చేయొద్దని మందలించింది. సర్టిఫికెట్ అసలుది ఇచ్చేయాలంటే అమ్మ అక్కడే తువ్వాల విప్పి, పటం వెనక మేకులు పీకి కాగితం తీసి ఇచ్చింది. అద్దం మళ్లీ తువ్వాలలో చుట్టుకుంది.

ఇన్ని నెలలూ నేను దేనికి వణికానో అది నాయిన ముందే ఆలోచించి, పేరు రాయడం నేర్చుకొని, దగ్గుకుంటూ ఒక్కడే వచ్చి తీసేయడానికి చూశాడు. నేను తోక లాగిన సంతకం అడ్డం పడింది. మందులు తేలేదని తిట్టింది కూడా నేనే.

ఆవిడ తెల్ల కాగితం, పెన్ను నా ముందు పెట్టింది. ఆ చివరి సంతకం ఆయనదేనని ఇంటివాళ్లు ఎవరైనా రాసివ్వాలట. నేను రాశాను. 'రద్దు దరఖాస్తు మీది సంతకం మా నాయినదే. మిగతావి ఆయనవి కావు.' కింద నా పేరు రాశాను. ఆ ఫైల్లో నా పేరుతో నేను పెట్టిన సంతకం అదొక్కటే.