తమ్ముడి ఎర్ర తెరచాప

టార్పాలినక్క అంటే ఆ వీధిలో తెలియనివారు లేరు. లారీలకూ పడవలకూ కప్పే టార్పాలిన్లు కుడుతుంది. అరవై దాటినా మిషను తొక్కడం మానలేదు, నోటికి కళ్ళెం వేయడమూ నేర్చుకోలేదు. ఆమె మిషనుకు ఎదురుగా గోడకు తగిలించిన ఒక పెద్ద రేవు బొమ్మ ఉండేది. ఆమె ముత్తవ్వ తండ్రి వేసినది. నూట యాభై ఏళ్ళ కిందట ఆయన పొద్దస్తమానం రేవులో కూర్చుని ఓడల బొమ్మలు వేసేవాడు. బతికుండగా ఒక్కడూ పట్టించుకోలేదు. పోయాక పేరు కూడా మరిచిపోయారు, మహానుభావులు.

ఆ బొమ్మలో నీళ్ళమీద ఒక చిన్న పడవ వేసి, "ఇది నా కూతురిది, తక్కిన చోటు తర్వాత వచ్చేవాళ్ళది" అన్నాడట ఆయన. అప్పటినుంచి ఆ ఇంట్లో ఐదేళ్ళు నిండిన ప్రతి బిడ్డా కుర్చీ ఎక్కి తన పడవ తనే వేయాలి. అక్కది నీలం పడవ. దాని పక్కనే తమ్ముడిది, ఎర్ర తెరచాపతో, తాగినవాడిలా ఒక పక్కకు ఒరిగి ఉండేది. ఆరేళ్ళు నిండకుండానే జ్వరంతో పోయాడు వాడు. ఫోటో కూడా లేదు. మిగిలింది ఆ పడవ ఒక్కటే. రోజూ మిషను ముందు కూర్చుంటూ "ఏరా, లేచావా?" అని దాన్ని పలకరించేది అక్క.

ఇన్నాళ్ళకు మ్యూజియంవాళ్ళకు ఆ పెద్దాయన గుర్తుకొచ్చాడు. గోదాములో ఆయన బొమ్మలు కొన్ని బయటపడ్డాయట. అధికారి వెతుక్కుంటూ వచ్చి, "అమ్మా, మీ దగ్గరున్నది ప్రదర్శనకు ఇవ్వండి. శుభ్రం చేసి, అయ్యాక అప్పగిస్తాం" అన్నాడు. తాతకు ఇప్పటికైనా పేరొస్తుందని అక్క పొంగిపోయింది. పడవల సంగతి చెప్పబోయేసరికి ఆయన ఫోను మోగింది. ఫోనులో మాట్లాడుతూనే బొమ్మను బండెక్కించుకుని వెళ్ళిపోయాడు.

ప్రదర్శన మొదటిరోజు అక్క ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుని వెళ్ళింది. బొమ్మ తళతళలాడుతోంది. నీళ్ళమీద ఒకే ఒక్క పడవ. అధికారి నలుగురినీ పోగేసి చెబుతున్నాడు.

"తర్వాత ఎవరో పిచ్చిగీతలు గీసి పాడుచేశారు. అవన్నీ తీసేశాం. ఇప్పుడు చూడండి, ఈ ఖాళీ నీళ్ళలో ఆ చిత్రకారుడి ఒంటరితనం ఎలా కనిపిస్తోందో!"

ఒంటరితనమట! అక్కకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరో కాదు, మేమే! ఆ చోటు ఆయన వదిలింది మాకోసం. తల్లిని ఉంచి పిల్లల్నందరినీ తుడిచేశావు కదయ్యా! నా తమ్ముడేడీ?"

"కాస్త నెమ్మదిగా అమ్మా. అవి అసలు బొమ్మలో భాగం కావు. మీకు అర్థం కాదు..."

"నాకు అర్థం కాదు, సరే. ఒక్కమాట అడగడానికి నీకు నోరు లేదా?"

ఎంతమంది బతిమాలినా అక్క వినలేదు. బొమ్మను టార్పాలిన్‌లో చుట్టి ఇంటికి తెచ్చి పాత మేకుకే తగిలించింది.

టార్పాలిన్లమీద గుర్తులు వేసే ఎర్రరంగు డబ్బా తీసి, కుర్చీ ఎక్కి, తమ్ముడి పడవ ఉన్న చోటు వేలితో తడిమింది. నున్నగా తగిలింది. జీవితమంతా తిన్నగా గీతలు గీసిన చేయి కదా, పడవ నిటారుగా వచ్చింది. అధికారిని తిట్టుకుంటూ దాన్ని తుడిచేసి ఎడమచేత్తో వేసింది. ఈసారి ఒరిగింది.

మర్నాడు మిషను ముందు కూర్చుని తలెత్తింది. "ఏరా" అనబోతే నోరు రాలేదు. వంకరగానే ఉంది గానీ, అది తమ్ముడి వంకర కాదు.