ఖంగుమన్న ఇటుక

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఆ రోజు పరీక్షకు పెట్టిన ఇటుకలు మార్చిన వెధవను నేనే.

మా మేనత్తను పేటంతా ఖంగత్త అంటుంది. కూల్చిన ఇళ్ల ఇటుకలు తెచ్చి, అంటుకున్న పాత సున్నాన్ని ఉలితో చెక్కి, రెండేసి ఇటుకలు ఒకదానికొకటి కొట్టి వింటుంది. ఖంగుమంటే గోడకి. బొద్దుమంటే ముక్కలు చేసి, నేల కింద పరచడానికి. అప్పుడప్పుడూ నా నెత్తి మీద కూడా తట్టి చూస్తుంది. ఇంతవరకూ బొద్దుమనే అందట.

ఈ పని ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ముప్పై ఏళ్ల కిందట రోడ్డు వెడల్పు చేస్తామని ఆమె ఇల్లు కూల్చారు. శిథిలాలు ఎత్తడానికి లారీ వస్తే, ఆ కుప్ప మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇల్లు మీరు తీసుకున్నారు, సరే. ఇటుకలు నావి. ఎత్తాలనుంటే నన్నూ కలిపి ఎత్తండి!"

ఎత్తలేదు. ఇప్పుడామె పనిచేసే దొడ్డికి ముందు గోడ ఆ ఇటుకలదే.

మొన్న పక్క వీధిలో పాత బడి పడగొట్టారు. ఆ ఇటుకలతోనే కొత్త గదులు కట్టమంటుంది అత్త. ఊరవతల గోతిలో పోయిస్తానంటాడు ఇంజినీరు.

"పాత సరుకమ్మా. రేపు పిల్లల మీద పడితే పూచీ ఎవరిది?"

"అరవై ఏళ్లు పడలేదు బాబూ. పడగొట్టడానికి మీ మిషనుకి మూడు రోజులు పట్టింది. అప్పుడే మర్చిపోయారా?"

ఆయన మొహం కందగడ్డయింది. చివరికి పందెం లాంటి ఒప్పందం కుదిరింది. ఆరు ఇటుకలు నడుమెత్తు నుంచి నేల మీద వదలాలి. ఒక్కటి విరిగినా మొత్తం గోతికే.

నాకు అత్త మీద ప్రేమ ఎక్కువ, అత్త చెవి మీద నమ్మకం తక్కువ. ఆమె భోజనానికి వెళ్లగానే, ఏరి పెట్టిన ఆరింటిలో రెండు దాచేశాను. బడి గేటు దగ్గర ఇంజినీరు దింపించిన కొత్త లోడులోంచి రెండు తెచ్చి, సున్నం పూసి ముసలి వేషం వేశాను.

ఇంజినీరు వదిలాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగోది ఫటేలున రెండు ముక్కలైంది. నా వేషగాడే!

"చూశావా అమ్మా?" అంటూ ఆయన లారీ కోసం ఫోను తీశాడు.

అత్త ముక్క ఎత్తి వేలితో రుద్దింది. సున్నం వేలికి అంటింది.

"ఇది నాది కాదు. నా ఇటుక మీద ఉలి గాట్లుంటాయి. దీని మీద మేకప్పుంది." తిన్నగా నా గోళ్లకేసి చూసింది. "ఎక్కడిదిరా?"

"సారు లోడులోది," అన్నాను నేల చూస్తూ.

ఇంజినీరు ఫోను చెవి దాకా వెళ్లి ఆగిపోయింది. నేను దాచిన రెంటినీ అత్త తెప్పించింది. స్టూలెక్కి, తలకు పైనుంచి తన ఆరింటినీ వదిలింది. ఒక్కటీ విరగలేదు.

"మీ కొత్త లోడు కూడా నేనే తట్టి చూస్తా," అంది దిగుతూ.

"ముందు... నీ వాటితోనే గోడ మొదలెట్టమ్మా," అన్నాడాయన గొణుగుతూ.

ఆయన వెళ్లాక అత్త పక్కకు జరిగాను. "నీకు సాయం చేద్దామనేగా అత్తా..."

"ఆ ముక్కలు రెండూ ఏరు. పగిలిన ఇటుకకైనా నేల కింద పనుంది. నిన్నెక్కడ వాడాలో మాత్రం నాకింకా తోచలేదురా!"