పప్పుల దుకాణం షటర్

మా మరిది మీద నాకు కోపం ఇంకా పోలేదు. పోవాలని నాకూ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే, నేను చేసిన పనికి ఎవరూ గొప్ప గొప్ప కారణాలు వెతకరు.

వరంగల్ బజారులో మాది పప్పుల దుకాణం. మావారు ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నాలు గల్లా మీద నేనే కూర్చునేదాన్ని. కేసముద్రం మార్కెట్ నుంచి బస్తా దిగితే చాలు, గుప్పెడు చేతిలోకి తీసుకుని ఏ పప్పు మెత్తగా ఉడుకుతుందో, ఏది గంటసేపైనా రాయిలా ఉంటుందో చెప్పేదాన్ని. ఆయన పోయాక, పక్క దుకాణం నడుపుకునే మరిది "నేనున్న గదా వదినా" అంటూ ఇంకో తాళంచెవి తన దగ్గర పెట్టుకుని రోజూ పొద్దున మా షటర్ కూడా తెరిపించడం మొదలుపెట్టాడు. తెరిపించినవాడు ఊరికే ఉంటాడా, నేను వెళ్లేసరికి గల్లా మీద కూర్చుని ఉండేవాడు. నాకు ఓ మూల స్టూలు. కొన్నాళ్లకు "ఇంట్ల రెస్టు తీస్కో వదినా, దుకాణం ఫికర్ నీకెందుకు" అన్నాడు.

నాకు రెస్టు వద్దు. నా దుకాణం నాకు కావాలి. ఓ పొద్దున బీరువాలోంచి మావారి తాళంచెవి తీసుకుని, మరిది కంటే ముందే వెళ్లాను. తాళం వచ్చింది, షటర్ రాలేదు. పాతకాలపు షటర్, దాని స్ప్రింగు ఎప్పుడో చచ్చింది. బలమంతా పెట్టి లాగితే జానెడు లేచి ఆగిపోయింది. రెండు చేతులతో ఇంకా లాగుతుంటే వెనక నుంచి మరిది నవ్వు వినిపించింది.

"వదినా, గది పప్పుగిన్నె మూత గాదు. నీతోని ఏమైతది? జర జరుగు."

టీ కొట్టు దగ్గరున్నవాళ్లు, ఎదురు దుకాణంవాళ్లు అందరూ నవ్వారు. మరిది తన హమాలీకి సైగ చేశాడు. షటర్ గడగడమంటూ పైకి పోయింది. మరిది చెయ్యి కూడా వేయకుండా లోపలికి వెళ్లి నా జాగాలో కూర్చున్నాడు. నాకు ఒళ్లంతా మండిపోయింది.

స్ప్రింగు మార్పించుకోవచ్చు. నేనూ ఓ మనిషిని పెట్టుకోవచ్చు. కానీ మరిది నవ్వింది నా చేతులను చూసి. జవాబు కూడా వాటితోనే చెప్పాలనిపించింది.

హన్మకొండలో ఆడవాళ్లకు వేరే టైము ఉన్న జిమ్ ఒకటి చూసుకుని చేరాను. ట్రైనర్ చిన్నపిల్ల. యాభై దాటిన నన్ను ఎగాదిగా చూసి "బరువు తగ్గనీకా ఆంటీ?" అంది.

"కాదు బిడ్డా. ఒకని నోరు మూపియ్యనీకె."

పిల్ల పకపకా నవ్వింది, కానీ పని మాత్రం శ్రద్ధగా నేర్పింది. షటర్ ఎత్తడమంటే నడుము నిటారుగా పెట్టి నేల మీది బరువు లేపడం, ఛాతీ దాకా లాగడం, తల మీదికి నెట్టడం. మొదట ఉత్త ఇనుప రాడ్డు, తర్వాత కొంచెం కొంచెం బరువు. లేపిన ప్రతిసారీ మరిది మొహం గుర్తు తెచ్చుకునేదాన్ని. దాన్ని మించిన టానిక్కు లేదు.

అయినా కండ పెరగలేదు. నెలలు గడిచాయి, నేను ఇంకా చిక్కిపోయాను. పెంచిన బరువులు మళ్లీ దించాల్సి వచ్చింది. ట్రైనర్‌కు అనుమానం వచ్చి "ఏం తింటాండ్రు ఆంటీ?" అని అడిగింది. చెప్పాను. సోమవారం, గురువారం, శనివారం ఒక్కపొద్దు. మిగతా రోజుల్లో అన్నం, చారు, పచ్చడి. దుకాణం నా చేతికి రావాలని దేవుడికి మొక్కుకుని పట్టిన ఒక్కపొద్దులవి.

పిల్ల తల పట్టుకుంది. "బరువు లేపుడంటె కండకు పెరుగుమని ఆర్డరిచ్చుడే ఆంటీ. సరుకు రాకపోతె ఏంతోని పెరుగుతది? పైంగ ఉపాసముంటె ఉన్న కండనే కరగదీస్కుంటది ఒళ్లు."

సరుకు అంటే అమైనో ఆమ్లాలట. వాటితోనే ప్రోటీన్, ప్రోటీన్‌తోనే కండ. కొన్నింటిని ఒళ్లు సొంతంగా చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో అది దండిగా ఉంది. పప్పులో తక్కువైన మెథియోనిన్‌ను బియ్యం భర్తీ చేస్తుంది. కండ కట్టే పనిని మొదలుపెట్టించేది ల్యూసిన్. అది పాలు, పెరుగు, పనీరు, సోయాలో బాగా దొరుకుతుంది. వయసు మీదపడ్డ ఒళ్లు దాని పిలుపుకు తొందరగా పలకదు కాబట్టి పూటపూటకీ సరిపడా తినాలి. పప్పులమ్ముకునే ఇంట్లో ఉండి నేను చారునీళ్లు తాగుతున్నాను! నా మీద నాకే కోపం వచ్చింది, కానీ ఎక్కువసేపు పెట్టుకోలేదు. ఉన్న కోపమంతా మరిదికి కావాలి.

ఆ సాయంత్రం దేవుడి పటం ముందు నిలబడి "స్వామీ, నీకు కోపమొస్తే తర్వాత చూసుకుందాం, ముందు మరిది పని కానివ్వు" అని చెప్పుకుని ఒక్కపొద్దులు మానేశాను. పొద్దున పెసరట్టు, పాలు. మధ్యాహ్నం గరిటె నిలబడేంత చిక్కటి పప్పుతో అన్నం, గడ్డపెరుగు. రాత్రికి సోయా కూరో, పనీరో. మెల్లగా జాకెట్టు చేతులు బిగుసుకున్నాయి. కుట్లు విప్పించుకుంటూ అద్దంలో నా జబ్బలు చూసుకుని మురిసిపోయాను. దుకాణంలో మాత్రం మరిది ఏమన్నా "సరే తమ్మీ" అంటూ తలవంచుకునే ఉన్నాను.

ఎవరూ లేని వేళ షటర్ లేపితే ఏం లాభం? బజారు నిండేదాకా ఆగి, మరిది హమాలీతో కలిసి వచ్చే సమయం చూసుకుని వెళ్లాను. తాళం తీసి, వంగి, కాళ్లతో నేలను తొక్కి లేపాను. మోకాళ్లు, ఛాతీ, తల దాటి షటర్ పైకి పోయింది. మరిది నోరు తెరుచుకుని చూస్తుండగానే మళ్లీ కిందికి లాగేశాను.

"తమ్మీ, ఇప్పుడు నువ్వు లేపు."

"గిదేం ఆట వదినా?" అన్నాడు. హమాలీ ముందుకొచ్చాడు.

"నువ్వు గాదయ్యా, నువ్వు పక్కకుండు. సేటు లేపుతడు."

అందరూ చూస్తున్నారు, తప్పించుకునే దారి లేదు. మరిది వంగి లాగాడు. షటర్ పిక్కల దాకా వచ్చి ఆగింది. మొహం ఎర్రబడింది. "అబ్బా" అంటూ వదిలేసి నడుము పట్టుకున్నాడు. బజారంతా నవ్వింది. నేనేమీ వద్దని వారించలేదు, ఆ నవ్వంతా తృప్తిగా విన్నాను. తర్వాత షటర్ మళ్లీ లేపి, లోపలికి వెళ్లి గల్లా మీద కూర్చున్నాను.

మరిది కాసేపటికి నడుము రుద్దుకుంటూ వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. ఎక్కడ కూర్చోవాలో తెలియక అటూ ఇటూ చూశాడు. నేను తక్కెడ సరిచేసుకుని, బేరానికి వచ్చే వాళ్లను రోజూ అడిగే గొంతుతోనే అడిగాను.

"ఏం గావాలె తమ్మీ?"